పర్వమునకు పర్వమునకు నడుమ

సంస్కృతమున 'పర్వము' అను మాటకు పండుగ యనియే కాక కణుపు అనియు అర్థము కలదు. చెరకు గడకు కణుపు లున్నట్లు కాలమునకు పండుగ లున్నవని ఆ మాటను వాడుకకు తెచ్చినవారి భావము కాబోలును. చెరకు పండించు రైతు కణుపు విలువ ఎరుగును. గడలోని తియ్యదనమునకు నెలవు కణుపు కాదు. కణుపునకు కణుపునకు నడుమ నున్న భాగము. కాని మరుసటి యేటి తోట వేయవలెనన్నచో కణుపు మీది కన్నే భూమిలో మొలక యెత్తవలెను. కణుపు లేని ముక్కను పాతిపెట్టినచో కుళ్లిపోవునే కాని చిగురింపదు.

ఏ మతమునందైనను పండుగలకును నిత్యజీవితమునకును గల సంబంధము ఇట్టిదే. భక్తి యంతయు పండుగలోనే యున్నదనుకొనుట పొరపాటు. పండుగ అక్కరలేకయే భక్తి తరతరములకు సాగిపోవుననుటయు నమ్మదగిన మాట కాదు. తెలుగునాట క్రైస్తవులు ఏటేట జరుపుకొను పండుగలను ఈ దృష్టితో పరిశీలించినచో, అవి ఎచట పుట్టి, ఏ త్రోవను వచ్చి, ఈ నేలలో ఎట్లు వేరూనినవో తెలియును. అంతకంటె ముఖ్యముగా, పండుగ ముగిసిన పిమ్మట అవి మనుష్యుని ఏమి కోరుచున్నవో బోధపడును.

పొలమున పుట్టిన పండుగలు

క్రైస్తవుల పండుగలలో ప్రాచీనములైన వానికి మూలము యూదుల పండుగలు. యూదుల పండుగలకు మూలము పొలము. పస్కా పండుగ వచ్చు నెలకు ఆబీబు అని పూర్వనామము. ఆ మాటకు పచ్చి వెన్ను అని అర్థము. యవల తొలి పనను దేవుని యెదుట అర్పించిన నాటినుండి ఏబది దినములు లెక్కించి, గోధుమ కోతల వేళ వారముల పండుగ చేయుదురు. ఆ యేబదవ దినమునకే గ్రీకు భాషలో పెంతెకోస్తు అని పేరు. ద్రాక్షలు, ఒలీవలు మున్నగు ఫలములన్నియు ఇల్లు చేరిన పిమ్మట ఆకుల పందిళ్లలో ఏడు దినములు నివసించి చేయునది పర్ణశాలల పండుగ. ఐగుప్తు దాస్యమునుండి విడుదల, అరణ్యవాసము మొదలగు చరిత్ర స్మృతులు ఈ కోతల పండుగలతో పెనవైచుకొని వానికి క్రొత్త అర్థమును కల్పించినవి.

ఈ పండుగల విధులన్నియు లేవీయకాండము ఇరువదిమూడవ అధ్యాయమున వరుసగా చెప్పబడినవి. ఆ వరుసలో ఒక విశేషము కలదు. వారముల పండుగ విధులు ముగిసి, తరువాతి పండుగ ప్రస్తావన ఆరంభము కాకమునుపే, పండుగతో ఏ సంబంధమును లేనట్లు తోచు ఆజ్ఞ యొకటి నడుమ నిలిచియున్నది. పంట కోయునపుడు పొలము అంచులవరకు కోయరాదు. రాలిన వెన్నులను ఏరుకొనరాదు. వానిని బీదలకును పరదేశులకును విడిచిపెట్టవలెను. బలుల లెక్కలు, నైవేద్యముల కొలతలు చెప్పుచు చెప్పుచు శాస్త్రము ఈ మాట ఏల ఎత్తినది? పండుగనాడు దేవునికి అర్పించు పన ఎంత ముఖ్యమో, పేదకు విడిచిన గట్టువార వెన్నులును అంత ముఖ్యములని తెలుపుటకే యని తోచుచున్నది. ఒకటి లేక రెండవది చెల్లదు.

అట్లు రాలిన వెన్నులకు తెలుగున 'పరిగె' అను చక్కని మాట కలదు. తెలుగు బైబిలులో మోయాబు దేశపు వితంతువైన రూతు బోయజు పొలమున ఏరుకొనినది ఈ పరిగెయే. యూదులు నేటికిని వారముల పండుగనాడు రూతు కథను పారాయణము చేయుదురు. తెలుగు పల్లెలలో పందొమ్మిదవ శతాబ్దమున ఈ కథను విన్నవారిలో పెక్కుమంది మాలపల్లెల, మాదిగపల్లెల కూలిజనము. ఆసామి చేను కోసి, కుప్పవేసి, నూర్చి, తుదకు పరిగె ఏరుకొని చీకటిపడి ఇల్లు చేరు స్త్రీలకు రూతు ఎవరో వివరించి చెప్పవలసిన అవసరము కలిగియుండదు. గ్రంథమునందలి మాట వారి చేతిపనియందే యుండెను.

తిథియు ఋతువును

క్రీస్తు ఏ దినమున జన్మించెనో సువార్తలు చెప్పవు. డిసెంబరు 25వ తేది రోమునగరమున 354లో సంకలితమైన ఒక పట్టికలో కనబడుచున్నది. ఆ పట్టికలోని ఈ భాగము 336 నాటిదని పండితుల యభిప్రాయము. తూర్పు సంఘములు కొన్ని జనవరి 6ను పాటించినవి. ఆర్మీనియా దేశపు ప్రాచీన సంఘము ఇప్పటికిని ఆనాడే క్రీస్తు జన్మోత్సవము చేయుచున్నది. పునరుత్థాన పండుగ విషయమున వివాదము ఇంకను పెద్దది. దానిని సంఘములన్నియు ఒకే దినమున జరుపవలెనని 325లో నికేయ సభ నిర్ణయించెను. మార్చి 21ని విషువద్దినముగా గ్రహించి, ఆనాడు గాని తరువాత గాని వచ్చు పౌర్ణమి గడచిన పిమ్మటి తొలి ఆదివారము ఈస్టరు. పాశ్చాత్య సంఘముల లెక్కలో అది మార్చి 22కు ముందు రాదు. ఏప్రిలు 25 దాటదు. తిథి చూచి పండుగ చేసికొను తెలుగువారికి ఇది వింత లెక్క కాదు. తరచుగా ఈ పండుగ చైత్ర పౌర్ణమి వెనుక వచ్చు ఆదివారమే.

ఈ పండుగలు యూరపు మీదుగా ప్రయాణము చేసి వచ్చుటచే అచటి ఋతువులను వెంటబెట్టుకొని వచ్చినవి. క్రిస్మస్ అనగా మంచు, దేవదారు వృక్షము; ఈస్టరు అనగా చలి విడిచిన పొలమున తొలి పూవు. తెలుగునాట ఈస్టరు నాటికి చెరువులు అడుగంటుచుండును, ఎండలు ముదురుచుండును. క్రిస్మస్ వచ్చునది ధనుర్మాసమున. అది వరి కుప్పలు నూర్చు కాలము. గాదె నిండి, కూలివాని యింటను నాలుగు గింజ లుండు కాలము. వేకువజామున హరిదాసు తంబుర మీటుచు నడచిన వీథిలోనే రాత్రివేళ క్రైస్తవ యువజనులు దీపములు పట్టుకొని, డోలకు వాయించుచు, తాళములు వేయుచు, ఇంటింట ఆగి జన్మకీర్తనలు పాడుచు పోవుదురు. రెండు పాటలకును దైవము వేరు. మంచు కురియు ఆ వీథి యొక్కటియే.

మంచు లేకున్నను క్రిస్మస్ కథకు ఈ దేశమున లోటు కలుగలేదు. 1223లో అస్సీసి ఫ్రాన్సిసు ఇటలీలోని గ్రేచ్చియో గ్రామమున ఎద్దును, గాడిదను, ఎండుగడ్డిని తెచ్చి ప్రభుజనన ఘట్టమును కన్నులకు గట్టించెను. పండితులకు గ్రంథమున తెలిసిన కథను పామరులకు చూపవలెనని ఆతని తలంపు. తెలుగు రైతుకూలీకి పశువుల పాక, గాడి, ఎండుగడ్డి వాసన దినదినమును ఎరిగినవే. దేవుడు పుట్టిన చోటు తన యింటి పక్కనున్న కొట్టము వంటిదని వినినపుడు వానికి కలిగిన ఆశ్చర్యము, మంచుదేశపు చిత్రపటములు చూచి కలుగు ఆశ్చర్యముకంటె లోతైనది.

పండుగలే వలదన్న క్రైస్తవులును ఉన్నారు. దినములను, మాసములను ఆచరించుటలో తగులుకొన్న గలతీయులను అపొస్తలుడైన పౌలు మందలించెను. రోమీయులకు వ్రాసిన లేఖలోనో, ఒకడు ఒక దినమును గొప్పగా ఎంచవచ్చును, మరియొకడు అన్ని దినములను సమముగా ఎంచవచ్చును, ఎవని మనస్సాక్షి వానికి ప్రమాణమని విడిచెను. ఇంగ్లండులో ప్యూరిటనుల ప్రాబల్యము సాగిన దినములలో, 1647లో, పార్లమెంటు క్రిస్మస్ పండుగను రద్దుచేసెను. అమెరికాలోని మసాచుసెట్సు వలసలో 1659నుండి 1681వరకు ఆ పండుగ జరుపుకొనిన వారికి అయిదు షిల్లింగుల జరిమానా. తెలుగునాటను క్రిస్మస్ జరుపని సమాజములు కలవు. వారి వాదమున సత్యము లేకపోలేదు: ఒక్క దినమును పవిత్రమని చాటినచో తక్కిన దినములు సామాన్యములని మనుష్యుడు తలంపవచ్చును. కాని కన్ను లేని ముక్క మొలవదను మాటయు సత్యమే. తండ్రి చేతిని పట్టుకొని నక్షత్రదీపమును చూచిన బాలునికి ఆ వెలుగు గుర్తుండినట్లు, విన్న ప్రసంగములు గుర్తుండవు.

తెలుగు మాట, తెలుగు మట్ట

పరదేశమునుండి వచ్చిన పండుగ స్వదేశపు పండుగ అయినదో లేదో తెలిసికొనుటకు దాని పేరు చూచిన చాలును. యెరూషలేములోనికి క్రీస్తు ప్రవేశించినపుడు జనులు ఖర్జూరపు మట్టలు పట్టుకొని యెదురేగిరి. దాని జ్ఞాపకార్థమైన ఆదివారమునకు తెలుగువారు పెట్టిన పేరు మట్టల ఆదివారము. తాటిమట్ట, ఈతమట్ట, కొబ్బరిమట్ట ఎరుగని తెలుగు పల్లె లేదు. ఆ పేరులో పరాయితనము ఇసుమంతయు లేదు. కథోలికులు ఆనాటి మట్టలను భద్రపరచి, మరుసటి యేడు వానిని కాల్చి, ఆ బూడిదతోనే భస్మ బుధవారమునాడు నుదుట గుర్తు పెట్టుదురు. నిరుటి జయధ్వానము ఈ యేటి పశ్చాత్తాపమగుచున్నది.

నవంబరు 2వ తేదికి తెలుగువారు సమాధుల పండుగ అని పేరుపెట్టిరి. ఆనాటికి ముందే గోరీల చుట్టు కలుపు తీసి, సున్నము వేసి, ఆ సాయంకాలము పూలుంచి, కొవ్వొత్తులు వెలిగించి, చనిపోయిన వారి పేరులు తలచుకొందురు. భాద్రపద బహుళమున పితృదేవతలను తలచుకొను సంప్రదాయము గల దేశమున ఇది ఎవరికిని క్రొత్తగా తోచదు. శుభ శుక్రవారమునాడు సిలువపై క్రీస్తు పలికిన ఏడు మాటలను గూర్చి పగలు పండ్రెండునుండి మూడుగంటలవరకు ప్రసంగములు జరుగును. ఈస్టరునాడు సూర్యోదయమునకు ముందే సమాధుల తోటకు పోయి, చీకటిలో మొదలుపెట్టిన పాటను వెలుగులో ముగించుదురు. దేవదారు లేని కోస్తా సీమలో సరుగుడు కొమ్మయే క్రిస్మస్ చెట్టు. వెదురుబద్దలకు రంగుకాగితము అంటించి లోపల దీపముంచిన నక్షత్రము గుడిసెకును మేడకును ఒకే విధముగా వెలుగు నిచ్చును.

పేరుతోబాటు పాటయు తెలుగుది కావలెను. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఆ పని చేసినవి. ఆంగ్ల బాణీలకు తెలుగు మాటలను అతికించుట కాక, రాగతాళములు నిర్దేశించి, పల్లవి, అనుపల్లవి, చరణములతో ఆయన రచన సాగించెను. వానిలో పెక్కు కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున చేరి నేటికిని పాడబడుచున్నవి. చదువురాని వృద్ధురాలికి వేదాంతము కంఠస్థమగుటకు గ్రంథము కాదు, ఈ కీర్తనయే సాధనమైనది. జాషువ రచించిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమి బహుమానము లభించుటతో ఈ కథ తెలుగు కావ్యలోకమునను గౌరవస్థానము నొందినది.

గుణదల కొండకు వచ్చు యాత్రికులను చూచినచో ఈ విషయము మరింత స్పష్టమగును. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సు దేశపు లూర్దు గ్రామమున బెర్నదెత్తు అను బాలికకు మేరీమాత దర్శనమయ్యెనని కథోలికుల విశ్వాసము. ఆ దినమును పురస్కరించుకొని ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో బెజవాడ దగ్గర గుణదలలో తిరునాళ్లు జరుగును. మ్రొక్కుబడులు చెల్లించువారు అచట తలనీలాలు సమర్పింతురు. యాత్రికులలో క్రైస్తవులు కానివారును విశేషముగా నుందురు. లూర్దులో ఈ ఆచారము లేదు. తెలుగునాట ఇది లేనిదే మ్రొక్కు తీరినట్లు తోచదు.

దోర్నకల్లు, మెదకు, ఒంగోలు

ఈ మార్పు తనంతట తాను వచ్చుట ఒక విధము. తెలిసి తెచ్చుట మరియొక విధము. తెలిసి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు వేదనాయకము శామ్యూలు అజరయ్య. 1874లో తిరునెల్వేలి మండలమున జన్మించిన ఈ తమిళుడు తెలుగు నేర్చి, తెలుగువారి నడుమ జీవించి, 1945 జనవరి 1న ఇచటనే కన్నుమూసెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పు అయ్యెను. ఆయన దోర్నకల్లులో కట్టించిన దేవాలయమున హిందూ దేవాలయముల స్తంభముల పోకడయు, మహమ్మదీయ కట్టడముల గుమ్మటముల పోకడయు కలిసియున్నవి. 1939 జనవరి 6న దాని ప్రతిష్ఠ జరిగెను. ఆ తేది యాదృచ్ఛికము కాదు. తూర్పుదేశపు జ్ఞానులు శిశువును దర్శించిన పండుగ దినమది. ఆ పండుగ పేరే ఆ దేవాలయమునకును పెట్టబడినది. క్రీస్తును వెదకుచు తొలుత వచ్చిన విదేశీయులు తూర్పువారని తెలుగు కూలీలకు జ్ఞప్తిచేసిన పేరది.

మెదకు దేవాలయము కథ వేరు. 1914నుండి పదియేండ్లు సాగిన ఆ నిర్మాణమును నడిపించినవాడు చార్లెసు వాకరు పాస్నెట్టు. క్షామపీడితులైన పల్లెజనులకు పని కల్పించి అన్నము పెట్టుటకు ఆ కట్టడము ఆధారమయ్యెను. 1924 డిసెంబరు 25న దాని ప్రతిష్ఠ జరిగెను. నేడు క్రిస్మస్‌నాడు జనసముద్రమగు ఆ ఆవరణమున రంగుటద్దముల కిటికీలను చూచి ప్రజలు అచ్చెరువొందుదురు. ఆ పండుగ సౌందర్యమునకు పునాది పదియేండ్ల కూలిదినములు, కూలి జనుల యింట పొయ్యి రాజిన దినములు. కిటికీలకంటె ముందు చూడవలసినది ఆ రాళ్లను.

ఒంగోలు చరిత్రలో ఈ సత్యము మరియొక రూపమున కనబడును. 1854 జనవరి 1న, క్రొత్త సంవత్సరపు సూర్యోదయ వేళ, లైమను జూయెట్టు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఊరి చెంతనున్న కొండనెక్కి ప్రార్థించిరి. ఆ కొండకు ప్రార్థనల కొండ యని పేరు వచ్చెను. ఇరువదియేండ్లకు పైబడిన పిమ్మట, 1876–78 మహాక్షామమున, జాను క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి చూపెను. అన్నముకొరకై మతము మారుదురేమో యని సహాయకార్యము సాగినంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అది క్రిస్మస్ కాదు, ఈస్టరు కాదు. ఒంగోలు సంఘమునకు ఏ పండుగయు కాని బుధవారము. పండుగనాటి వేకువ ప్రార్థన ఫలించుటకు నడుమ ఎన్ని పనిదినములు గడువవలసి వచ్చెనో చూడవలెను.

నడిమి దినములు

ఈ నడిమి దినములను నింపునది ఏది? తెలుగు క్రైస్తవ స్త్రీలు దీనికి ఎన్నడో సమాధానము చెప్పిరి. అన్నము వండుటకై బియ్యము కొలిచినపుడు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయుదురు. ఆదివారమునాడు దానిని మందిరమునకు కొనిపోవుదురు. చేట నిండుగ నున్ననాడును, నూకలే యున్ననాడును తీయునది ఆ పిడికెడే. దానమును గూర్చి గ్రంథమే వ్రాసిన అజరయ్య ఇట్టి దానమును మిక్కిలి ప్రోత్సహించెను. పేదవాడు పుచ్చుకొనువాడు మాత్రమే కాదు, ఇచ్చువాడును కావలెనని ఆయన సిద్ధాంతము. కోత పండుగనాడు ఇదే భావము పెద్ద రూపు తాల్చును. వడ్ల మూట, గుమ్మడికాయ, కొబ్బరికాయ, కోడిపెట్ట, గంపెడు గ్రుడ్లు బలిపీఠము ముంగిట చేరును. ఆరాధన ముగిసిన తరువాత వేలము. రెండు రూపాయల కాయను ఇరువది రూపాయలకు పాడుకొనినవాడు దానిని మరల సంఘమునకే ఇచ్చివేయును. మరల పాట మొదలగును. అచట నష్టపోవుటలోనే ఉత్సాహము.

కూలివానికి పండుగ యనగా మొదట విశ్రాంతి. రోజుకూలిపై బ్రతుకువానికి ఆదివారము మానిన పని అన్నము మానుటయే. అందుచే పల్లెలలో సంఘము పగటిపూట కాక, పశువులు ఇల్లు చేరి, పొయ్యి ఆరిన పిమ్మట రాత్రివేళ కూడుకొనుట ఆచారమయ్యెను. ఇప్పుడు కువైటు దేశమునకు కూలికై పోయిన కడప, గోదావరి మండలముల తెలుగువారికి ఇదే సమస్య మరియొక రీతిని ఎదురగుచున్నది. అచట వారాంతపు సెలవు శుక్రవారము. కావున ఆదివారపు ఆరాధన శుక్రవారము జరుగును. క్రిస్మస్ అచట సెలవుదినము కాదు. ఇండ్లలో వంటచేయు స్త్రీ ఆనాడును యజమాని యింట తెల్లవారకముందే లేవవలెను. ఆమె పండుగ ఆ రాత్రి పనిముగిసిన వెనుక సెల్‌ఫోనులో తన బిడ్డల క్రొత్తబట్టలు చూచుకొనుటయే. ఆమె విశ్వాసమునకు లోటేమి కలదు? ఆ క్రొత్తబట్టలు ఆమె నడిమి దినములే.

పండుగకు నిజమైన పరీక్ష పంక్తిలో కలదు. క్రిస్మస్ ఆరాధన పిమ్మట జరుగు ప్రేమవిందున అందరును ఒక్క వరుసను కూర్చుండి భుజించుట తెలుగు సంఘములు సాధించిన ఘనకార్యములలో నొకటి. ఊరిబావి నీరు ముట్టరాదన్న దినములలో ఆ పంక్తి సామాన్యమైనది కాదు. అయినను మందిరములోనికి వచ్చిన కులము చెప్పులతోబాటు గుమ్మమున నిలిచిపోలేదు. పెండ్లి సంబంధము వెదకు వేళ, సంఘపు ఎన్నికల వేళ, కొన్ని యెడల సమాధుల తోటలోను అది తన చోటు తాను చూచుకొనుచున్నది. డిసెంబరు 25న ఒక్క పంక్తిని కూర్చుండినవారు 26న రెండు పంక్తు లైనచో, ఆ విందు కడుపు నింపెను గాని మరియేమియు చేయలేదు. ఉపవాసదినమున తలవంచి, అదే దినమున పనివానిని పీడించువారిని యెషయా ప్రవక్త అడిగిన ప్రశ్న ఇదియే. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట, దిక్కులేనివానిని ఇంట చేర్చుకొనుట, కాడి విరుచుట, ఇవియే ఉపవాసమని ఆయన తీర్పు.

నేటి పండుగకు వెలుగు హెచ్చినది. కాగితపు నక్షత్రమునకు బదులు విద్యుద్దీపముల తోరణములు వచ్చినవి. ఇంటింట తిరుగు కీర్తన వాహనముల మీది ధ్వనివర్ధకములకు ఎక్కినది. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో పంచిపెట్టు వాగ్దానవాక్యము చీటీగానే కాక సెల్‌ఫోనులోను వచ్చుచున్నది. ఇందు తప్పేమియు లేదు. ప్రతి తరమును తన దీపమును తాను వెలిగించుకొనును. అడుగవలసినది వేరొకటి. ఆ వాగ్దానవాక్యము తీసికొనిన చేయి మరునాడు బియ్యపు కుండలో పిడికెడు వేయుచున్నదా? సమాధికి సున్నము వేసిన చేయి బ్రతికియున్న వృద్ధులకు మంచినీరు అందించుచున్నదా?

లేవీయకాండమున ఆ చిన్న యాజ్ఞ రెండు పండుగల నడుమ ఏల నిలిచెనో దీనివలన తెలియుచున్నది. పన అర్పించుట ఒక్కనాటి పని. అది అందరును చూచునది. గట్టువార నాలుగు వెన్నులు విడుచుట కోత సాగినన్ని దినముల పని. దానిని చూచునది పరిగె ఏరుకొనవచ్చిన మనుష్యుడు మాత్రమే. ఆ మనుష్యుడు ఎవరో, ఏ కులమువాడో, ఏ మతమువాడో ఆ యాజ్ఞలో లేదు. బీదవాడు, పరదేశి అని మాత్రమే యున్నది.